యానాం పెళ్లిళ్లు

పటంలో యానాం వెతకాలంటే కాస్త ఓపిక కావాలి. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే ముందు, ఒక పాయ కోరంగి వైపు విడిపోయే చోట, ముప్పై చదరపు కిలోమీటర్ల నేల. చుట్టూ ఆంధ్ర, పాలన మాత్రం పుదుచ్చేరిది.

ఫ్రెంచివాళ్లు 1723లో వచ్చారు. వ్యాపారం సాగక 1727లో వెళ్లిపోయి, 1731లో మళ్లీ వచ్చారు. మధ్యలో ఇంగ్లీషువాళ్లు లాక్కోవడం, తిరిగి ఇవ్వడం. 1839 తుపాను కోరంగినీ యానాన్నీ కలిపి ముంచింది. ఏ జెండా ఎగిరినా అక్కడి మత్స్యకారులకు గోదారే దిక్కు. వరదనీరు ఎర్రబడితే సముద్రంలోని ఇలస ఎదురీది వచ్చి పులస అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మగవాళ్లే పుట్టించి ఉంటారని నా అనుమానం!

పుస్తెలంటే గుర్తొచ్చింది. యానాన్ని ఒకప్పుడు కల్యాణపురం అనేవారు. 1930 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లీషు పాలనలో శారదా చట్టం అమలైంది. (శారద ఆడమనిషి అనుకునేదాన్ని. బిల్లు పెట్టినాయన హరవిలాస్ శార్దా.) ఆడపిల్లకు 14, మగపిల్లాడికి 18 నిండకుండా పెళ్లి చేస్తే శిక్ష. ఫ్రెంచి నేల మీద ఆ చట్టం చెల్లదు. ఇంకేం, చుట్టుపక్కల జిల్లాల వాళ్లు పిల్లల్ని చంకనేసుకుని యానాం బయలుదేరారు.

మా అమ్మమ్మ పెళ్లి అక్కడే జరిగింది. ఎనిమిదేళ్లు. ఆవిడకు గుర్తున్నదల్లా పడవలో నిద్ర, ఎవరో ఎత్తుకుని గట్టు మీద దించడం, కొత్త పట్టుపరికిణీ గుచ్చుకోవడం. ఇది చెబుతూ పకపకా నవ్వేది. చిన్నప్పుడు మేమూ నవ్వేవాళ్లం. మా అమ్మాయికి మొన్ననే పధ్నాలుగు నిండాయి. ఇంకా జడ నేనే వెయ్యాలి. ఇప్పుడు ఆ కథ దానికి చెప్పబోతే నాకు నవ్వు రాలేదు. అయినా అమ్మమ్మ తండ్రిని దుర్మార్గుడనలేను. కూతురికి మేలు చేస్తున్నాననుకునే ఆయన పడవెక్కించాడు. చట్టం తప్పించుకోవడానికి నది దాటితే చాలు మరి.

దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో 1954 జూన్ 13న యానాం విముక్తమైంది. నవంబరు 1న పాలన మన దేశానికి వచ్చింది. కాగితాల మీద విలీనానికి 1962 ఆగస్టు 16 దాకా పట్టింది. పెళ్లిబృందాలు మాత్రం 1954తోనే ఆగిపోయాయి. ఎదుర్లంక వైపు పంటు దాటే చోట ఇప్పుడు వంతెన ఉంది. వానాకాలం వస్తే పులసల కోసం జనం అటే వెళ్తారు.