బాణము, తారాజువ్వ, కాగితపు రాకెట్టు



హైదరాబాదు నగరమునకు పడమట షేక్‌పేట యను పాత గ్రామము కలదు. గోలకొండ సుల్తానుల నాటి మసీదును, బాటసారులకై కట్టించిన సరాయియు అచ్చట నేటికిని నిలిచియున్నవి. ఆ పరిసరపు గుట్టలమీదనే జూబ్లీహిల్సును ఫిలింనగరును వెలసి తెలుగు చలనచిత్రములకు నిలయములైనవి. వెండితెరమీద అర్జునుని బాణము నిప్పులు గ్రక్కుచు పోవుట చూచి మనము సంతోషింతుము. ఆ తెర కల్పించు నిప్పుబాణములకు కొలది దూరముననే గోలకొండ కోట యున్నది. నిజమైన నిప్పుబాణముల కాలమును ఆ కోట చూచినది. ఆ బాణము రణరంగము విడిచి పిల్లవాని చేతిలో కాగితపు రాకెట్టుగా మారుటకు ఏమి జరుగవలసివచ్చెనో చెప్పుట నా ఉద్దేశము.

దీపావళికిని పెండ్లి ఊరేగింపునకును మనము బాణసంచా కొందుము. అందలి బాణము వింట సంధించునది కాదు. బద్దకు కట్టిన మందుగొట్టము. ఉత్తరాదివారు దీనినే బాన్ అనిరి. రాకెట్టు అను మాటయు ఇట్టిదే. ఇటలీ భాషలో నూలు చుట్టు కండెకు గల పేరునుండి అది పుట్టినది. కండెవలె సన్నని గొట్టము గనుక ఆ పేరు వచ్చినది. చీనాదేశములో పదుమూడవ శతాబ్దినాటికే యీ విద్య యుండెను. 1443లో పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరమున మహానవమి వేడుకలు చూచి, అచ్చటి బాణసంచాను వర్ణించుటకు చోటు చాలదన్నట్లు వ్రాసిపోయెను. కొండవీడు మున్నగు దుర్గములను కృష్ణదేవరాయలకు కోల్పోయిన ప్రతాపరుద్ర గజపతి పేర కౌతుకచింతామణి యను సంస్కృత గ్రంథము కలదు. అందు జువ్వలు మొదలైన వాని పాళ్లు చెప్పబడినవి. రాజులు కోటలకై పోరుచు, తీరిక వేళ తారాజువ్వల పాళ్లు వ్రాయించుట వింతగా నుండును గాని, రెండింటికిని మందు ఒక్కటియే గదా!

ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే 1658 నాటి సమూగఢ్ యుద్ధమును వర్ణించుచు, కర్రకు కట్టిన బాణములను గుర్రపుదళముమీదికి విసరువారిని పేర్కొనెను. గుర్రములు బెదరుటయే వాని ముఖ్యఫలము. 1687లో ఔరంగజేబు గోలకొండను ఎనిమిది నెలలు ముట్టడించెను. ఆ ముట్టడిలో, నాకు మిక్కిలి గుర్తుండునట్టి ఘట్టము జూన్ నెలలో జరిగినది. మొగలులు కోటగోడ క్రింద సొరంగములు త్రవ్వి మందు కూరిరి. లోపలివారు అది పసిగట్టి, తమవైపునుండి ఎదురు సొరంగము త్రవ్వి, కొంత మందును తీసివేసి, కొంత నీటితో తడిపిరి. ముట్టించినంతనే పేలుడు కోటవైపు పోక ముట్టడించినవారిమీదికే మరలినది. మొగలు సైనికులు వందలకొలది మడిసిరి. కోట తుదకు సెప్టెంబరులో ద్రోహమువలన పడినదే కాని మందువలన పడలేదు. కూరినవానిమీదికే తిరుగుట మందునకు స్వభావము. ఈ మాట ముందు మరల రాగలదు గనుక మనసున నుంచుకొనుడు.

బాణమునకు నిజముగా బలము చేకూర్చినవారు మైసూరునేలిన హైదరాలీ, టిప్పూ సుల్తానులు. అంతవరకు గొట్టము కాగితముదో వెదురుదో అయియుండెను. మందు మిక్కిలి బిగువుగా కూరినచో అట్టి గొట్టము చీలిపోవును. మైసూరువారు మెత్తని యినుముతో గొట్టములు చేయించిరి. ఇనుము ఒత్తిడికి ఆగును. ఆగినకొలది మంట వెనుకకు వేగముగా చిమ్మును. చిమ్మినకొలది బాణము దూరము పోవును. సుమారు ఒక కిలోమీటరు, కొన్ని అంతకు మించియు పోయెను. ఇంగ్లండులోని ఊలిచ్ ప్రదర్శనశాలయందుండిన మైసూరు బాణములనుగూర్చి శాస్త్రజ్ఞుడు రొద్దం నరసింహ 1985లో సవిస్తరముగా వ్రాసెను. అందొకదాని గొట్టము సుమారు 25 సెంటీమీటర్ల పొడవు, ఆరు సెంటీమీటర్ల లోపు లావు. దానికి తోలుపట్టెలతో ఒక మీటరు పొడవుగల కత్తి కట్టబడియున్నది. 2018లో కర్ణాటకమందలి శివమొగ్గ జిల్లా నగర గ్రామమున ఒక పాడుబావిలో ఇట్టి యినుప గొట్టములు వేయికి పైగా బయల్పడినవి.

1780లో ఈ యినుపబాణముల దెబ్బ తిన్నవారు మన ప్రాంతమునుండి పోయినవారే. కర్నలు బెయిలీ అను ఆంగ్లేయ సేనాని గుంటూరునుండి తన దళమును నడిపించుకొని దక్షిణమునకు పోయెను. సెప్టెంబరు 10వ తేదిని కాంచీపురము చేరువ పొల్లిలూరువద్ద హైదరాలీ సేన ఆ దళమును చుట్టుముట్టెను. మందుబండ్లు పేలిపోవుటచే బెయిలీ నిస్సహాయుడై పట్టుబడెను. ఆ బండ్లకు నిప్పంటించినది మైసూరు బాణమే యని తరువాతివారు నమ్మిరి.

1799లో శ్రీరంగపట్టణము పడెను. ఆంగ్లేయుల పక్షమున హైదరాబాదు నిజాము సేనయు అచ్చట పోరాడినది. కోటలో దొరకిన బాణములు సీమకు పోయినవి. కాంగ్రీవ్ అనునతడు 1804 మొదలు వానిని పరీక్షించి తన పేర రాకెట్లు చేయించెను. 1807లో అవి కోపెన్‌హాగన్ నగరమును తగులబెట్టినవి. 1844లో హేల్ అను మరియొకడు కర్ర నవతల పారవేసి, వెడలు పొగను వంకరగా పోనిచ్చి, రాకెట్టు బొంగరమువలె తిరుగుచు పోవునట్లు చేసెను.

ఇచట ఆ కర్ర విషయము కొంత చెప్పవలెను. తారాజువ్వ పుల్లను విరిచి ముట్టించినచో అది యెటు పోవునో ఎవరికిని తెలియదు. ఇంటి చూరులో దూరిన జువ్వను పెద్దలలో పలువురు చూచియే యుందురు. వస్తువు గాలిలో పోవునపుడు, దాని బరువు తూగు చోటికంటె గాలి ఒత్తిడి పడుచోటు వెనుకనుండవలెను. అప్పుడది ముక్కు తిప్పబోయినను గాలియే తోకను నెట్టి త్రోవకు తెచ్చును. వింటి బాణమునకు ఈకలు వెనుక కట్టుట ఇందులకే. జువ్వకు పుల్ల చేయుపనియు ఇదియే. నేటి కాగితపు రాకెట్టునకు క్రిందివైపున మూడో నాలుగో పలుచని రెక్కలంటించుటయు ఇందులకే.

ఇక మందు మాట. సూరేకారము, గంధకము, బొగ్గు నూరి కూరుచు చేతులు పోగొట్టుకొన్నవారు, ప్రాణములు పోగొట్టుకొన్నవారు మన పల్లెలలోను కలరు. అమెరికాలో ఇదే సంగతి పందొమ్మిదివందల యేబదులలో జరిగెను. బాలురు ఇనుప గొట్టములలో తామే మందు కూరి గాయపడుచుండిరి, కొందరు మరణించిరి. 1957 అక్టోబరు 4వ తేదిని రష్యావారు స్పుట్నిక్కును ఆకాశమున కెక్కించిన పిమ్మట ఈ పిచ్చి మరింత ముదిరెను. నెబ్రాస్కా రాష్ట్రమున నార్ఫోక్ అను ఊర చెప్పుల దుకాణము నడుపు ఆర్విల్ కార్లైల్ అనునతడు దీనికి త్రోవ చూపెను. అతనికి బాణసంచా వ్యసనము. అతడు 1954లోనే కాగితపు గొట్టముతో చిన్న రాకెట్టు చేసియుండెను. రాకెట్ల పరీక్షాకేంద్రమున పనిచేసిన హ్యారీ స్టైన్ బాలుర అపాయమునుగూర్చి ఒక పత్రికలో వ్రాయగా చదివి, కార్లైల్ తన రాకెట్లను అతనికి పంపెను. 1958లో వెర్న్ ఎస్టెస్ అనునతడు వీరితో కలిసి, మందుగొట్టములను వరుసగా చేసిపెట్టు యంత్రమును నిర్మింప పూనెను. ఎస్టెస్ బాణసంచా చేయువారి యింట పుట్టినవాడు గనుక దాని అపాయము నెరిగినవాడు.

నా అభిప్రాయమున ఈ ఆట పుట్టుక అంతయు ఇచటనే యున్నది. మందు కూరు చేయి వేరు, బొమ్మ కట్టు చేయి వేరు అయినవి. మైసూరునకు జయమిచ్చిన యినుమును ఈ ఆటవారు వెలివేసిరి. గొట్టము కాగితమే, ముక్కు తేలికకొయ్యయే, రెక్కలు కొయ్యయే. ఏదైన పగిలినను తునకలు మనుష్యుని చీల్చరాదని వారి నియమము. ముట్టించుట వత్తితో కాదు, కనీసము 15 అడుగుల దూరమున నిలిచి విద్యుత్తుతో. మందు కాలి చల్లారిన కొన్ని క్షణములకు లోపల మరియొక చిన్న పేలుడు ముక్కును ముందుకు త్రోసివేయును. మడిచిన గొడుగు విప్పుకొనును. రాకెట్టు మెల్లగా దిగి మరల ఎగురుటకు పనికివచ్చును.  

దీనిని కట్టుటలో ఓర్పు కావలెను. రెక్కను కోయునపుడు కొయ్య పోగు రెక్క ముందంచు వెంబడి పోవునట్లు కోయవలెను. అడ్డముగా కోసినచో గాలికి విరుగును. రెక్కలన్నియు సమానదూరమున నిటారుగా అంటవలెను. ఒకటి వంకరయైనను రాకెట్టు తిరుగుడు పడును. పిదప మెరుగు. కొయ్య పోగులసందులను పూతతో పూడ్చి, ఆరనిచ్చి, గరుకుకాగితముతో రుద్ది, మరల పూసి, మరల రుద్ది, నునుపైన తరువాతనే రంగు వేయవలెను. ఇది అందమునకు మాత్రమే కాదు. గరుకుగానున్న రెక్క గాలిని పట్టి యెత్తును తగ్గించును. మన కొండపల్లి బొమ్మలవారు తేలికయైన పొణికికొయ్యను చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, సున్నము పూసి, ఆపైన రంగు వేయుదురు. కొండపల్లి పనివానికి ఈ మెరుగుపని వేరుగ నేర్పనక్కరలేదు. కట్టుట ముగిసినపిమ్మట, తూగు చోట దారము కట్టి తలచుట్టు త్రిప్పిచూడవలెను. ముక్కు ముందుగా తిరిగినచో అది యెగురుటకు తగినది. తోక ముందైనచో ముక్కున కొంత బరువు చేర్పవలెను.

మన దేశమున మందు చేయుటకు 1884 నాటి పేలుడుపదార్థముల చట్టము, దాని క్రింద 2008లో వచ్చిన నిబంధనలు అనుమతిపత్రము కోరును. శ్రీహరికోట రాకెట్టును చూచి ఉబలాటపడు మనుమడు అగ్గిపుల్లల మందు గీరి గొట్టములో కూరబోయినచో, పెద్దలు గొట్టమును వానికే విడిచి, మందును మాత్రము లాగికొనవలెను. గొట్టమునకు బదులు ప్లాస్టిక్ సీసాలో మూడవవంతు నీరు పోసి, బిరడా బిగించి, సైకిలు పంపుతో గాలి కొట్టి, దూరముగా నిలిచి వదలిన నీటిరాకెట్టును మిద్దెల ఎత్తునకు పోవును. దానికిని రెక్కలు, ముక్కు అన్నియు కావలెను.

శ్రీహరికోటనుండి మొదటి చిన్న రాకెట్టు 1971 అక్టోబరు 9వ తేదిని ఎగిరెను. హైదరాబాదున 2018లో పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా స్థాపించిన స్కైరూట్ సంస్థ విక్రమ్-ఎస్ అను రాకెట్టును నిర్మించెను. మన దేశమున ప్రయివేటువారు చేసి ఎగురవేసిన మొదటి రాకెట్టు అది. సుమారు ఆరు మీటర్ల పొడవుగల దానికి గొట్టము ఇనుముతో కాక బొగ్గునారతో చేయబడినది, వెనుక రెక్కలున్నవి, హేల్ రాకెట్టువలె తిరుగుచు పోవుటకు ప్రక్కల నాలుగు చిన్న మోటారులున్నవి. 2022 నవంబరు 18వ తేదిని అది శ్రీహరికోటనుండి లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తునకు పోయి, బంగాళాఖాతమున పడెను.