పాత ఇనుప పెట్టెకు రంగేస్తూ



వనపర్తి దగ్గరి మా తండాలో ముత్తాత పనిపెట్టె ఒకటి ఉంది. ఇంట్లోవాళ్లు పాత సామాన్ల బండికి వేద్దామంటే మేం అడిగి తీసుకున్నం. లోపల సుత్తె, రెండు ఉలులు, అరిగిన తాపీ.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. ఇక్కడి నుంచి మేస్త్రీల వెంట వలసపోయినోళ్లకే 'పాలమూరు లేబర్' అని పేరొచ్చింది. నెహ్రూ 1955 డిసెంబర్ 10న పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్ రాతికట్టడం. ముత్తాత ఆ పనికే పోయిండని నాయనమ్మ చెప్తది. అప్పుడాయన ఉత్త కూలీ. తెలంగాణ లంబాడాలకు ఎస్టీ గుర్తింపు వచ్చింది 1976 చట్టంతోనే. శిలాఫలకాల మీద కూలీల పేర్లుండవు.

ముందు కిరోసిన్‌తో తుడిచి, గరుకు కాగితంతో తుప్పు గీకినం. తుప్పు మీదే రంగేస్తే పొక్కులొచ్చి ఊడుతది. రెడ్ ఆక్సైడ్ ఒక పూత, ఆరినంక ఆకుపచ్చ ఎనామిల్ రెండు పూతలు. మూత లోపల ఉలితో గీసిన గీతలు బయటపడ్డయి. చదువు రాని మనిషి పనిచేసిన వారాలకు పెట్టుకున్న లెక్క అంటది నాయనమ్మ. అక్కడ మాత్రం రంగు వేయలేదు, పలుచగా నూనె రాసి వదిలినం.

మీ ఇండ్లల్లో ఇట్లాంటి పెట్టెలుంటే తూకానికి అమ్మకండి. ఎవరు ఎక్కడెక్కడ పని చేసిన్రో ముసలోళ్లను అడిగి రాసుకోండి.