డ్రాకులా కంటే ముందు పీటర్ అనే రైతు

1967లో లాహోర్‌లో 'జిందా లాష్' అనే ఉర్దూ సినిమా తీశారు. డైరెక్టర్ ఖ్వాజా సర్ఫరాజ్. అందులో ప్రొఫెసర్ తబానీ అనే సైంటిస్టు మౌత్‌ను జయించాలని ల్యాబ్‌లో ఆబె హయాత్ తయారు చేసుకుని తాగుతాడు. తాగి చచ్చిపోతాడు. తర్వాత లేస్తాడు. లేచాక అతనికి కావలసింది ఖూన్. కథ బ్రామ్ స్టోకర్ డ్రాకులాదే, కానీ శిలువ లేదు. చివరికి అతన్ని చంపేది సూర్యుడి వెలుగు. అంతకు ముందే 1953లో ఇస్తాంబుల్‌లో తుర్కీవాళ్ళు 'డ్రాకులా ఇస్తాంబుల్దా' తీశారు. వాళ్ళు కూడా శిలువను పక్కన పెట్టి వెల్లుల్లితో పని కానిచ్చారు.

ఈ సినిమాల గురించి విన్నవాళ్ళు వాంపైర్ అంటే అంగ్రేజుల దయ్యమనీ, మనవాళ్ళు దానికి షేర్వానీ తొడిగారనీ అనుకుంటారు. పిల్లలైతే సరేసరి, వాళ్ళకు వాంపైర్ అంటే హాలీవుడ్ హీరో. కానీ ఈ వ్యవహారం లండన్ చేరడానికి 150 ఏళ్ళకు ముందే ఒక షేఖుల్ ఇస్లాం ముందుకు సవాల్‌గా వచ్చింది. ఆయన పేరు అబూ సఊద్ ఎఫెండీ. సుల్తాన్ సులేమాన్ కాలంలో మొదలుపెట్టి, 1545 నుంచి 1574లో వఫాత్ అయ్యేదాకా, ఉస్మానియా సల్తనత్‌కు పెద్ద ముఫ్తీ. (ఉస్మానియా అనగానే మనకు హైదరాబాద్ యూనివర్సిటీ గుర్తొస్తుంది. ఇది ఆ ఉస్మానియా కాదు, తుర్కీ సల్తనత్.) హనఫీ ఫిఖ్‌లో ఆయన మాటకు ఎంత వజన్ ఉందో మదర్సాలో చదివినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఖుర్ఆన్‌కు తఫ్సీర్ కూడా రాశారు.

సవాల్ ఇదీ. సెలానిక్ దగ్గర ఒక ఊళ్ళో ఒక క్రైస్తవుడు చనిపోయాడు. దఫన్ చేశాక రాత్రిళ్ళు వచ్చి బంధువుల తలుపులు తట్టి, పద, ఫలానా వాళ్ళింటికి పోదాం అంటున్నాడట. ఎవరిని పిలిస్తే వాళ్ళు మర్నాటికి చచ్చిపోతున్నారు. ఊళ్ళోని ముసల్మాన్లు ఖౌఫ్‌తో ఊరు వదిలి పారిపోవచ్చా? జవాబు: కుదరదు. మరి ఏం చేయాలి? దానికీ జవాబిచ్చారు. గుంజతో శవాన్ని నేలకు దిగగొట్టాలి, దానితో ఆగకపోతే తల కోసి కాళ్ళ దగ్గర పెట్టాలి, అప్పటికీ ఆగకపోతే కాల్చాలి.

ఈ ఫత్వా గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ఇబ్బందిగానే అనిపించింది. మయ్యత్ ఎముక విరవడం బతికున్న మనిషి ఎముక విరవడంతో సమానమని మనం హదీస్ విన్నవాళ్ళం. శవం ముసల్మాన్‌ది కాదు కాబట్టి వేరే లెక్క అని కొందరనవచ్చు, నా మనసు ఒప్పుకోదు. అయితే ముఫ్తీసాహెబ్ కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే ఒక మాట అర్థమవుతుంది. ఆయన చూసింది దయ్యాన్ని కాదు, ఖాళీ అయిపోబోతున్న ఊరిని. జనం వెళ్ళిపోతే పొలం దున్నేవాడుండడు, ఖజానాకు పన్ను రాదు. మా ఊళ్ళోంచి కదలకండి, ఖౌఫ్ తీరే దారి ఇదీ అని చెప్పడం అక్కడ హుకూమత్ అవసరం కూడా.

ఇది నా ఊహే అనుకునేవాళ్ళు 1725కు రండి. 1718 సుల్హ్‌తో ఉత్తర సెర్బియా తుర్కీల చేతుల్లోంచి ఆస్ట్రియా చేతుల్లోకి వెళ్ళింది. అక్కడ కిసిలోవా అనే పల్లెలో పీటర్ బ్లాగోయెవిచ్ అనే రైతు చనిపోయాడు. పది వారాల తర్వాత, ఎనిమిది రోజుల్లో తొమ్మిదిమంది పోయారు. ఒక్కొక్కరు ఒక రోజు జబ్బుపడి పోయారు. పీటర్ నిద్రలో వచ్చి మీద పడుకుని గొంతు నులిమాడని మంచం మీద చెప్పి మరీ పోయారు. అతని భార్య అయితే, రాత్రి వచ్చి తన చెప్పులు అడిగాడని చెప్పి ఊరు విడిచి వెళ్ళిపోయింది. ఖబర్ తవ్వుతాం, ఇజాజత్ ఇవ్వండి అని జనం ఆస్ట్రియా అధికారి ఫ్రోంబాల్డ్‌ను పట్టుకున్నారు. పైనుంచి హుకుం వచ్చేదాకా ఆగమన్నాడు. వాళ్ళు ఏమన్నారో చూడండి: ఆగలేం, తుర్కీ జమానాలో ఇలాగే ఒక ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది, ఇప్పుడు తవ్వనివ్వకపోతే ఇళ్ళు వదిలి వెళ్ళిపోతాం. అదే బెదిరింపు, అదే ఊరు ఖాళీ అయ్యే భయం. ఫ్రోంబాల్డ్ పాదరీని వెంటబెట్టుకుని వెళ్ళాడు. తవ్వారు, గుండెలో గుంజ దించారు, కాల్చారు. రిపోర్టు చివర్లో అతను ఒక జాగ్రత్త వాక్యం కూడా చేర్చాడు. ఇందులో ఏదైనా తప్పుంటే అది తనది కాదట, ఖౌఫ్‌తో మతిపోయిన జనానిదట. సర్కారీ రిపోర్టులు పాతికేళ్ళుగా చదువుతున్న వాణ్ణి, ఆ వాక్యం ఏ దేశం ఆఫీసులోనైనా గుర్తుపట్టగలను. ఆ రిపోర్టు వియన్నా అఖ్బార్‌లో అచ్చయింది. వాంపైర్ అనే మాట యూరప్ పత్రికల్లోకి ఎక్కింది అలా.

ఇంతకీ ఖబర్ తవ్వినవాళ్ళకు ఏం కనిపించింది? శవం కుళ్ళలేదు, పొట్ట ఉబ్బి బలిసినట్టుంది, నోటి దగ్గర తాజా నెత్తురు, పాత చర్మం ఊడి కింద కొత్త చర్మం, కొత్త గోళ్ళు. గుంజ దింపితే శవం మూలిగిందని కొన్నిచోట్ల చెప్పారు. ఇవన్నీ అబద్ధాలు కావు, వాళ్ళు చూసిందే చెప్పారు. లోపల గాలి పుట్టి పొట్ట ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల్లోంచి ఎర్రటి నీరు ముక్కు, నోటి గుండా బయటికొస్తుంది. పై చర్మం జారితే కింద ఎర్రగా కనిపిస్తుంది, గోరు ఊడిన చోటు కొత్త గోరులా ఉంటుంది. గుంజ పడగానే గాలి గొంతులోంచి తోసుకొచ్చి శబ్దం చేస్తుంది. చల్లని దేశం, చలికాలం, లోతైన మట్టి అయితే శవం నెలల తరబడి అలాగే ఉంటుంది. పాల్ బార్బర్ అనే రచయిత 1988లో ఒక పుస్తకమంతా దీని మీదే రాశాడు. ఊళ్ళో వబా వస్తే జనం మొదట పోయినవాణ్ణి అనుమానించారు. ఎందుకంటే మిగతా అందరికీ అతనితోనే మొదలైంది. అంటువ్యాధి లెక్క అదే, క్రిమి అనే మాట తెలియదు కాబట్టి దానికి పొరుగువాడి పేరు పెట్టారు.

1732 జనవరిలో మెద్వెజా అనే ఊళ్ళో జరిగింది ఇంకా దారుణం. ఆర్నాల్డ్ పావోలే అనే సిపాయి గడ్డిబండి మీద నుంచి పడి మెడ విరిగి చనిపోయిన కథ అక్కడ ముందు నుంచే ఉంది. బతికున్నప్పుడు తుర్కీల సెర్బియాలో ఒక వాంపైర్ తనను పట్టిందని, దాని ఖబర్ మట్టి తిన్నానని అతనే చెప్పుకునేవాడు. కొన్నేళ్ళకు మూడు నెలల్లో 17 మంది పోయారు. ఫ్లూకింగర్ అనే ఫౌజీ డాక్టర్ వచ్చి వరసగా ఖబర్‌లు తవ్వించి, ఒక్కో శవాన్ని చూసి రాసుకున్నాడు. ఆ జాబితాలో స్తానా అనే ఇరవై ఏళ్ళ అమ్మాయి ఉంది. కాన్పులో పోయింది. బిడ్డా పోయింది. ఆమెనూ వాంపైర్ లెక్కలో వేశారు. అలా తేలిన వాళ్ళందరి తలలు కోయించి, కాల్చి, బూడిద మొరావా నదిలో కలిపారు. డాక్టర్ దస్తఖత్ చేశాడు. ఆ ఏడాదే ఇంగ్లీషు పత్రికలు ఈ కథను అచ్చువేశాయి. జచ్చగీలో పోయిన ఆడది చుడేల్ అవుతుందనే మాట మన ముహల్లాల్లోనూ వింటాం, అందుకే స్తానా దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

దీన్ని ఆపింది మరియా థెరీసా మలికా. 1755లో సైలీషియా సరిహద్దులో రోసీనా అనే స్త్రీ శవాన్ని తవ్వి కాల్చారని తెలిసి, తన సొంత హకీం వాన్ స్వీటెన్‌ను విషయం తేల్చమంది. గాలి ఆడని చోట, చలిలో శవం ఆలస్యంగా కుళ్ళడం ఖుద్రత్ పనేనని ఆయన తేల్చాడు. ఇక మీద ఖబర్‌లు తవ్వడం, గుంజలు దించడం, కాల్చడం బంద్ అని మలికా ఫర్మాన్ ఇచ్చింది.

కితాబుల్లో వాంపైర్ జాతకం మారింది ఆ తర్వాతే. 1816లో జెనీవా సరస్సు పక్కన బైరన్‌తో ఉన్న డాక్టర్ పోలిడోరి రాసిన 'ది వాంపైర్' 1819లో అచ్చయింది. చెప్పుల కోసం పెళ్ళాం తలుపు తట్టిన రైతు పోయి, దావత్‌లలో తిరిగే లార్డ్ వచ్చాడు. 1897లో స్టోకర్ అతన్ని కౌంట్ చేసి కోటలో కూర్చోబెట్టాడు. సుల్తాన్ మహ్మద్ ఫాతిహ్‌తో పోరాడిన వల్లాకియా వ్లాద్ బిరుదు ఒక పాత చరిత్ర పుస్తకంలో దొరికితే పేరుగా పెట్టుకున్నాడు. అంతకుముందు తన నోట్సులో రాసుకున్న పేరు కౌంట్ వాంపైర్. మన బేతాళుణ్ణి కూడా వదల్లేదు. చందమామలో విక్రమార్కుడి భుజమెక్కి చిక్కుప్రశ్నలు వేసే బేతాళుడు ఎవరి నెత్తురూ తాగడు, అయినా 1870లో బర్టన్ ఆ కథలను ఇంగ్లీషు చేసి దానికి వాంపైర్ అని పేరు పెట్టాడు.

పల్లెల్లో మాత్రం పాత పద్ధతే నడిచింది. 1833లో, ఇప్పటి బల్గేరియాలోని తిర్నోవాలో, ఇళ్ళలో పిండి, నెయ్యి, తేనె కలిసిపోతున్నాయని, పరుపులు చిరిగిపోతున్నాయని జనం హడలిపోయారు. తుర్కీలో ఇలాంటి దాన్ని 'జాదు' అంటారు, మన జాదూ అనే ఫార్సీ మాటే. ఇస్లిమియా నుంచి నికోలా అనే నిపుణుణ్ణి 800 కురుష్‌లకు మాట్లాడుకున్నారు. మన ఆమిళ్ళ ఫీజులు విన్నవాళ్ళకు ఈ పద్దు వింతగా ఉండదు. అతను వేలి మీద ఒక చెక్కను తిప్పుతూ ఖబ్రస్తాన్‌లో నడిచాడు. చెక్క రెండు ఖబర్‌ల దగ్గర ఆగింది. రెండూ పాత జానిసరీ సిపాయిలవి. గుంజలు దింపి, గుండెలను వేడినీళ్ళలో వేశారు. ఫాయిదా లేకపోతే షరియత్ ఇజాజత్‌తో కాల్చారు.

ఈ ఖబర్ అచ్చయింది ఇస్తాంబుల్ సర్కారీ గజెట్ తఖ్వీమె వఖాయిలో. అది సుల్తాన్ మహమూద్ 1831లో పెట్టిన పత్రిక. జానిసరీ ఫౌజును 1826లో ఖతం చేయించింది కూడా ఆయనే. బతికున్నప్పుడు ఆ ఇద్దరూ ఎన్ని జుల్ములు చేశారో గజెట్ వివరంగా రాసింది.