వెళ్ళడం, వలసపోవడం

పక్కింటావిడ కొడుకు ఉద్యోగానికి అమెరికా చేరితే "వెళ్ళాడు" అంటాం. అక్కడే ఇల్లు కొంటే "స్థిరపడ్డాడు" అంటాం. అదే కల్వకుర్తి పల్లెల్లోంచి ఆలుమగలు ముల్లె కట్టుకుని బొంబాయి బస్సెక్కితే మాత్రం "వలస పోయారు" అంటాం. ఇద్దరూ బయల్దేరింది బతుకుదెరువు కోసమే. మాటలు మాత్రం రెండు!

బొంబాయి అంటే గుర్తొచ్చింది. కామాటిపురా పేరు వినగానే మొహం తిప్పుకుంటాం కదూ? ఆ పేరు కామాటీలది. పద్దెనిమిదో శతాబ్దం చివర్నుంచీ మన తెలుగు నేల మీంచి వెళ్ళి, ఆ నగరం కట్టడానికి రాళ్ళూ మట్టీ మోసిన కూలీలు వాళ్ళు. మేడలకి యజమానుల పేర్లు పడ్డాయి. కట్టినవాళ్ళ పేరు వాళ్ళున్న పేటకి మిగిలింది. చివరికి దానికీ మచ్చ పడింది.

పాలమూరు కథా ఇలాంటిదే. కృష్ణమ్మ ఆ జిల్లా మీదుగానే పారుతుంది. ఏం లాభం? నది పల్లాన, చేను మిట్టన. వాన మొహం చాటేస్తే అప్పు, అప్పు వెనకే గుంపు మేస్త్రీ. అతని దగ్గర అడ్వాన్సు పుచ్చుకున్నారంటే ఆ ఏడాది కష్టమంతా ముందే అమ్ముడైపోయినట్టు.

నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967లో కాలవలకి నీళ్ళు వదిలారు. అంత ఎత్తు రాతికట్టడాన్ని నిలబెట్టిన చేతుల్లో పాలమూరు చేతులెన్నో. చెట్టుకొమ్మకి చీర ఉయ్యాల కట్టి, బిడ్డని పడుకోబెట్టి, తట్ట నెత్తికెత్తుకున్న తల్లులెందరో! ఆ నీళ్ళు గుంటూరు పొలాలకీ, నల్లగొండ, ఖమ్మం పొలాలకీ వెళ్ళాయి. తట్ట మోసినామె చేను మాత్రం మళ్ళీ ఆకాశంకేసే చూసింది.

తర్వాత శ్రీశైలం. 1981లో ఆ జలాశయం కోసం మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పల్లెలు ఖాళీ చేయించారు. కొందరు ఆనకట్టలు కట్టడానికి ఊరొదిలారు. ఆనకట్టే వచ్చి మరికొందరిచేత ఊరొదిలించింది.

ఇలా ఊళ్ళు తిరిగి తిరిగి, ఒక జిల్లా పేరే పని పేరైపోయింది: "పాలమూరు లేబర్". మరి వాళ్ళకి ఇల్లంటే ఏది? బిడ్డ ఒక ప్రాజెక్టు దగ్గర పుడుతుంది, ఇంకో ప్రాజెక్టు దగ్గర నడక నేరుస్తుంది. అయినా "మీదే ఊరు?" అంటే అమ్మానాన్నల పల్లె పేరే చెబుతుంది. ముసలమ్మ తలుపు తీసి ఉంచిన చోటు, పీర్ల పండక్కి తిరిగొచ్చే చోటు – అదీ ఇల్లు. పడుకునే చోటు కాదు, లెక్కలో ఉండే చోటు. 2020 మార్చిలో దేశమంతా తలుపులేసుకున్నప్పుడు, తాము కట్టిన నగరాల్లో నిలవనీడ లేక కూలీలు కాలినడకన బయల్దేరింది ఆ చోటుకే.

కల్వకుర్తి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడి, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. శ్రీశైలం వెనకజలాల్ని ఎల్లూరు దగ్గర్నుంచి మెట్టుమెట్టుగా ఎత్తిపోస్తే మిట్ట చేలకీ కృష్ణ చేరుతోంది. అన్ని చేలకీ చేరిందనీ, వలస ఆగిందనీ అనను. కాని కొందరైనా తాళాలు తీశారు.

చిత్రమేమిటంటే, ఇప్పుడు తెలంగాణ మడుల్లో నాట్లెయ్యడానికి బీహారు నుంచీ, బెంగాల్ నుంచీ కూలీలొస్తున్నారు. వాళ్ళనేమంటున్నాం? "బీహారోళ్ళు" అంటున్నాం. మళ్ళీ ఊరి పేరు పోయింది, పని పేరే మిగిలింది!

వాళ్ళలో ఎవరైనా మన గుమ్మం ముందు నిలబడితే, "మీదే ఊరు?" అని అడుగుదాం. రాష్ట్రం పేరు చెప్పి ఊరుకుంటే, "అది కాదు, ఊరి పేరు చెప్పు" అని మళ్ళీ అడుగుదాం. అమెరికాలో మన పిల్లల్ని ఎవరైనా అలా అడగాలనే కదా మనకీ ఉంటుంది.