కెనడా దేశమున తల్లిదండ్రుల నివాసకాలము



పూర్వము మనవారు కొలువునకై పొరుగు జిల్లాకు పోయినను వృద్ధులైన తల్లిదండ్రులను వెంటగొని పోవుచుండిరి. నేడు మన యువకులు పెక్కండ్రు కెనడా దేశమున కాపురముండిరి. తల్లిదండ్రులు అచ్చట నెంతకాలము నిలువవచ్చునని ఇంటింట విచారించుచున్నారు. సమాధానము చెప్పుటకు ముందు, ఆ దేశపు ద్వారము భారతీయులకు మూయబడి తెరువబడిన విధమును స్మరించుట యుచితము.

1908వ సంవత్సరమున కెనడా ప్రభుత్వమువారు, స్వదేశమునుండి ఎచ్చటను ఆగక ఏకప్రయాణముగా వచ్చినవారికే ప్రవేశమని శాసించిరి. భారతదేశమునుండి అట్లు పోవు ఓడలు లేకుండుటచే ఆ నిబంధనము మనవారికి నిషేధమే యయ్యెను. 1914 మే 23వ తేదీన ‘కొమగట మారు’ అను ఓడ 376 మందితో వాంకూవరు రేవు చేరెను. వారిలో పంజాబువారే యెక్కువ. కొలదిమందికి దప్ప ఎవ్వరికిని నేలపై కాలుమోపుటకు సెలవు దొరకలేదు. రెండు మాసములు నీటిపై నిలిచి, జూలై 23వ తేదీన ఆ ఓడ వెనుదిరుగవలసి వచ్చెను. ఈ యన్యాయమునకు ఆ దేశ ప్రధాని 2016లో పార్లమెంటునందు క్షమాపణము చెప్పెను.

ఏకప్రయాణ నిబంధనము 1947లో తొలగెను. 1951లో ఏటికి 150 మంది భారతీయులకు మాత్రమే అవకాశమిచ్చిరి. 1967లో జాతిని గాక విద్యాయోగ్యతలను గణించు పద్ధతి యేర్పడెను. అప్పటినుండి మనవారి రాక హెచ్చినది. బిడ్డల వెనుక తల్లిదండ్రుల అర్జీలును పేరుకొనినవి. 2011 నవంబరులో వారి శాశ్వత నివాసపు అర్జీలను కొంతకాలము స్వీకరించుట మాని, డిసెంబరు 1వ తేదీన సూపరు వీసాను ప్రవేశపెట్టిరి. తొలుత ఒక్కొక్క రాకకు రెండేండ్ల నివాసము. 2022 జూలై 4 నుండి అయిదేండ్లు. సామాన్య సందర్శకునికి ఆరు మాసములే గదా!

ఇచ్చట మనవారు పొరబడు విషయమొకటి కలదు. వీసాపై పదేండ్ల గడువుండవచ్చును. అది వచ్చిపోవుటకేగాని యేకధాటిగా నుండుటకు గాదు. ప్రవేశించునపుడు అధికారి తక్కువ గడువు వ్రాసినచో ఆ తేదీయే ప్రమాణము. ఇంకను ఉండదలచినవారు గడువు తీరకమునుపే పొడిగింపునకై అర్జీ పెట్టుకొనవలెను. ఒక్కమారు రెండేండ్లవరకు పొడిగింతురు. కనీసము లక్ష కెనడా డాలర్ల ఆరోగ్యభీమా, వైద్యపరీక్ష, బిడ్డల ఆదాయ నిదర్శనము ఆవశ్యకములు. ఇది శాశ్వత నివాసము గాదు. ఉద్యోగము చేయుటకు హక్కు నీయదు.

చట్టము అయిదేండ్లు ఒసగినంతమాత్రమున పెద్దలను అయిదేండ్లు నిలిపియుంచుట ధర్మమగునా? మంచుదేశమున, భాష తెలియని వీధిలో, పగలెల్ల మనుమల ఊయెల యూచుటకే తల్లిని రప్పించుకొనినవాడు ఆమెకు సేవచేసినవాడు కాడు, చేయించుకొనినవాడే. కావున ఎన్నాళ్లుందురో ముందుగా పెద్దలనే యడుగవలెను. సంఘమునందలి విద్యావంతులు ప్రయాణమునకు ముందు ఆ పత్రములను వారికి చదివి, గడువు తేదీని తెలుగున వ్రాసి చేతికీయవలెనని ప్రార్థించుచున్నాము. నాడు రేవునుండి మరలిన ఓడను తలచుకొన్నచో నేటి యవకాశము ఎంత విలువైనదో తెలియును. దానిని నిబంధనలకు లోబడి, పెద్దల మనసెరిగి వినియోగించుకొనుట మన విధి.