పసుపు జెర్సీ పటం

జెర్సీ పటం అంటే ఒక ఫుట్‌బాల్ జట్టు తొడిగిన చొక్కాలను ఏడాది వెంట ఏడాదిగా చేత్తో గీసి, ఒక్కోదాని కింద ఆ సీజను సంగతి రాసిన బొమ్మ. ఇందులో ఆటగాడి ముఖానికి పెద్దగా పని లేదు. కాలరు, చారలు, రొమ్ము మీద చిహ్నం, వీపు మీద అంకె, స్పాన్సరు పేరు, ఇవే కథంతా చెబుతాయి. సింగపూరు తూర్పు కొసన పాసిర్ రిస్‌లో ఉండేవారికి ఇలా గీసుకోదగ్గ దగ్గరి జట్టు టాంపనీస్ రోవర్స్. తూర్పు-పడమర మెట్రో మార్గంలో పాసిర్ రిస్ మొదటి స్టేషను, టాంపనీస్ రెండోది. జట్టు రంగులు పసుపు, నలుపు.

జట్టు రంగులనూ గెలిచిన ఏళ్లనూ కలిపి చిత్రంగా దాచుకోవాలన్న కోరిక పాతదే. ఇంగ్లండులో సండర్‌లాండ్ క్లబ్బు నాలుగు సీజన్లలో మూడుసార్లు లీగు గెలిచింది. ఆ గెలుపుల గుర్తుగా థామస్ హెమీ 1895లో గీసిన పెద్ద తైలవర్ణ చిత్రం ఇప్పటికీ ఆ క్లబ్బు స్టేడియంలో ఉంది. అందులో ఎదుటి జట్టు ఆస్టన్ విల్లా. సండర్‌లాండ్ ఎరుపు తెలుపు చారలు ఎటు కదులుతున్నాయో చూస్తే చాలు, ఎవరు ఎవరి మీద దాడి చేస్తున్నారో తెలిసిపోతుంది. దానికి ముందే, 1890లో, అక్కడి ఫుట్‌బాల్ లీగు ఏ రెండు జట్లూ ఒకే తరహా రంగులు నమోదు చేసుకోకూడదని నియమం పెట్టింది. ఆ నియమం నిలవలేదు. దాని బదులు ప్రతి జట్టూ రెండో జత చొక్కాలు ఉంచుకోవాలన్న పద్ధతి వచ్చింది. పటాల్లో ప్రతి సీజనుకూ రెండేసి జెర్సీలు కనిపించడానికి మూలం ఇదే. 1939లో ఇంగ్లిష్ లీగు వీపు మీద అంకెను తప్పనిసరి చేశాక చిత్రకారులు చొక్కా వెనక భాగాన్నీ గీయాల్సి వచ్చింది.

పాత సీజన్లు గీసేవారికి అసలు కష్టం రంగు దగ్గర వస్తుంది. 1920ల దాకా విరివిగా వాడిన ఫొటో ఫిల్ము నీలానికీ ఆకుపచ్చకూ స్పందించేది గానీ ఎరుపును పట్టుకునేది కాదు. ఎర్ర చొక్కా కాగితం మీద నల్లగా పడేది, లేత నీలం దాదాపు తెల్లగా పడేది. ఫొటోను నమ్మి రంగు వేస్తే జట్టే మారిపోతుంది. అందుకే ఆనాటి పత్రికల మ్యాచ్ వార్తలు, సిగరెట్ పెట్టెల్లో వచ్చిన రంగు కార్డులు, ఎవరింట్లోనో మిగిలిన అసలు చొక్కా పక్కన పెట్టుకుని గీయాలి. జాన్ డెవ్లిన్ 2005లో వెలువరించిన ట్రూ కలర్స్ పుస్తకం ఈ పనికి పెద్ద ఊపునిచ్చింది. 1980 నుంచి ఇంగ్లిష్ క్లబ్బులు వేసిన చొక్కాలను ఆయన కుట్టు గీతతో సహా వరసగా గీశారు. ఈ రకం బొమ్మల్లో ఓపికే సగం కళ.

ఒక్కోసారి బొమ్మే ముందు పుట్టి, చొక్కా తర్వాత పుడుతుంది. 1950 ప్రపంచకప్పులో సొంతగడ్డ మీద ఉరుగ్వే చేతిలో ఓడాక బ్రెజిల్ తన తెల్ల చొక్కాను వదులుకుంది. జెండాలోని నాలుగు రంగులూ ఉండేలా కొత్త దుస్తులు గీయమని 1953లో ఒక దినపత్రిక పోటీ పెట్టింది. గెలిచినది ఉరుగ్వే సరిహద్దు ప్రాంతపు కుర్రాడు, 19 ఏళ్ల ఆల్డిర్ గార్సియా ష్లీ. ఆయన కాగితం మీద గీసిన పసుపు చొక్కానే 1954 నుంచి బ్రెజిల్ తొడుగుతోంది.

టాంపనీస్ రోవర్స్ పసుపు పక్కన అంత పెద్ద కథ లేదు, కానీ పటానికి కావలసిన సరుకు నిండుగా ఉంది. క్లబ్బు పుట్టింది 1945లో. ముద్దుపేరు స్టాగ్స్, అంటే కొమ్ముల దుప్పులు. సింగపూరు జాతీయ లీగును 1979లో, 1980లో, మళ్లీ 1984లో గెలిచింది. 1996లో వృత్తి ఆటగాళ్లతో ఎస్.లీగు మొదలైనప్పుడు తొలి ఎనిమిది జట్లలో ఇదీ ఒకటి. 2002లో సింగపూరు కప్పు వచ్చింది. థాయ్ శిక్షకుడు వొరావన్ చితవనిచ్ కాలంలో, 2004లో, లీగూ కప్పూ రెండూ ఒకే ఏడాది దక్కాయి. 2005లో లీగు నిలబెట్టుకోవడమే కాక, బ్రూనైలో జరిగిన ఆసియాన్ క్లబ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో మలేషియా జట్టు పహాంగ్‌ను 4-2తో ఓడించింది. 2011, 2012, 2013లలో వరసగా మూడు లీగు టైటిళ్లు వచ్చాయి. ఆ మూడు సీజన్లలోనూ పసుపు చొక్కాలో గోల్స్ కొట్టినవాడు అలెగ్జాండర్ జురిచ్. బోస్నియాలో పుట్టి, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో పడవ పోటీల్లో దిగి, 2007లో సింగపూరు పౌరుడైన మనిషి. 44 ఏళ్ల వయసులో, 2014లో, ఇదే జట్టులో ఆట ముగించాడు.

గెలుపుల పట్టికలో కనబడని ఒక సంగతిని జెర్సీ పటం మాత్రమే సరిగ్గా చూపగలదు. పాత టాంపనీస్ స్టేడియాన్ని పడగొట్టి అవర్ టాంపనీస్ హబ్ కట్టిన ఏళ్లలో జట్టుకు సొంత మైదానం లేదు. సొంత మ్యాచ్‌లు ద్వీపానికి అవతలి వైపు క్లెమెంటిలోనూ, తర్వాత జురాంగ్ వెస్ట్‌లోనూ ఆడింది. పాసిర్ రిస్‌లో రైలెక్కిన అభిమానికి క్లెమెంటి ఇరవై మూడో స్టేషను. ఊరు మారింది, గేటు మారింది, కూర్చునే మెట్లు మారాయి. వరసగా గీసిన చొక్కాల్లో మాత్రం ఆ వలస ఆనవాలు ఉండదు, పసుపు పసుపుగానే సాగిపోతుంది. 2017లో అయిదు వేల సీట్ల కొత్త మైదానానికి తిరిగొచ్చినప్పుడు ఇల్లు అనిపించింది ఆ రంగు వల్లే. 2019లో మరో సింగపూరు కప్పు ఆ రంగు చొక్కాకే వచ్చింది. ఈ మధ్య థాయ్ క్లబ్బు బీజీ పాథుమ్ యునైటెడ్ పొత్తుతో జట్టు పేరు బీజీ టాంపనీస్ రోవర్స్ అయింది. పటం గీసేవారు ఈ కొత్త అక్షరాలనూ వదలకూడదు. స్పాన్సరు పేరు అందాన్ని చెడగొడుతుందని తీసేసే చిత్రకారులున్నారు. అది పొరపాటు. చొక్కా ఏ ఏడాదిదో చప్పున చెప్పేది ఆ పేరే.

ఈ పసుపు నలుపులు తెలుగువారికీ పరిచితమే. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు అనే టోర్నీ గెలిచింది గానీ, ఆ కాలపు ఫొటోలు నలుపు తెలుపే. వాళ్లకు పటం గీయాలంటే పెద్దవాళ్ల జ్ఞాపకమే రంగు పెట్టె. 2019లో పుట్టిన, పసుపు నలుపు రంగుల హైదరాబాద్ ఎఫ్‌సీకి ఆ ఇబ్బంది లేదు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్, వాళ్లదీ పసుపే. లీగు పట్టికలో హైదరాబాద్ పైన ఉండటంతో పసుపు దానికి దక్కింది, కేరళ తన రెండో జత చొక్కాతో దిగింది. గ్యాలరీలో కేరళ అభిమానులు పసుపులోనే కూర్చున్నారు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోలుతో స్కోరు 1-1 అయింది. పెనాల్టీల్లో హైదరాబాద్ 3-1తో గెలిచింది. మూడు పెనాల్టీలు ఆపింది గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. జెర్సీ పటాల్లో చాలావరకు గోల్‌కీపరు చొక్కాకు చోటివ్వరు. ఆ సీజను పటంలో మాత్రం పసుపు చొక్కా పక్కనే అదీ ఉండాలి.