బెంగుళూరు ఎర్రనేలలో హ్యామ్ రేడియోకు భూవ్యవస్థ

హ్యామ్ రేడియోలో 160 మీటర్ల బ్యాండు రాత్రివేళ దూరదేశాలను పలకరించే బ్యాండు. దీనికి పావు తరంగపు నిలువు ఆంటెన్నా కావాలంటే సుమారు 40 మీటర్ల ఎత్తుండాలి. బెంగుళూరులో 30×40 అడుగుల సైటులో ఇల్లు కట్టుకున్నవారికి అది అసాధ్యం. కనుక 12 మీటర్ల గొట్టం నిలిపి, అడుగున కాయిల్ చేర్చి సరిపెట్టుకుంటారు. అంత పొట్టి గొట్టానికి రేడియేషన్ నిరోధం దాదాపు 2 ఓములే. నేలలోని నష్ట నిరోధం 20 ఓములైతే, 100 వాట్లలో ఆకాశానికి చేరేది 9 వాట్లు. మిగిలినది మట్టిని వేడిచేయడానికే! కాయిల్‌లో పోయేది వేరు.

ఎర్రమట్టి, దాని అడుగున లాల్‌బాగ్ గుట్టలో పైకి కనిపించే నైస్ శిల: ఇదీ బెంగుళూరు నేల. దీని విద్యుద్వాహకత తక్కువ. వేసవిలో మరీ తక్కువ. ఉప్పు, బొగ్గు నింపిన ఎర్తింగ్ గుంత ఉన్నది కదా అని పలువురు నిశ్చింతగా ఉంటారు. ఆ గుంత ప్రాణరక్షణకు అవసరమే. కాని రేడియో విద్యుత్తు ఆంటెన్నా చుట్టూ విశాలంగా పరచుకొని తిరిగివస్తుంది. ఒక్క కడ్డీ దానిని అందుకోలేదు.

అందుకు మార్గం రేడియల్ తీగలు. 1937లో బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ అనే అమెరికన్ ఇంజనీర్లు 113 తీగల వరకు పరచి కొలిచి చూపిన సంగతి ఇదే. ఇంటి ఆవరణలో అన్ని అక్కరలేదు. 150 మీటర్ల తీగ చేతిలో ఉంటే, 38 మీటర్లవి నాలుగు కన్న 10 మీటర్లవి పదిహేను పరచుట మేలు. గడ్డిలో మేకులతో అదిమితే చాలు, లోతుగా పాతనక్కరలేదు. ఇనుప తీగ త్వరగా తుప్పుపడుతుంది. తొడుగున్న రాగి తీగ వాడండి.

ఇక్కడొక మాయ ఉన్నది. నష్టం 48 ఓములున్న దిక్కుమాలిన నేల, 2 ఓముల గొట్టంతో కలిసి సరిగ్గా 50 ఓములు చూపుతుంది. ఎస్‌డబ్ల్యుఆర్ మీటరు 1:1 అని మెచ్చుకుంటుంది. తీగలు చేర్చేకొద్దీ నిరోధం తగ్గి, మీటరు ముఖం మాడ్చుకుంటుంది. బెదిరి తీగలు పీకివేయరాదు. నిరోధం తగ్గడం ఆగేవరకు చేర్చుతూ, ఆపై ట్రాన్స్‌ఫార్మరుతో 50 ఓములకు సరిచేసుకోవాలి. గొట్టం కొసన అడ్డతీగలు కట్టి రేడియేషన్ నిరోధాన్ని 6, 7 ఓములకు పెంచుకుంటే, అదే నేలమీద ఫలితం రెండింతలు దాటుతుంది.

నేలే లేని మిద్దెవాసులు రెండు మూడు తీగలను ట్యూన్ చేసి, స్లాబులోని ఇనుముకు దూరంగా, తలకన్న ఎత్తున కట్టుకోవచ్చు. ప్రసార సమయంలో వాటి కొసల్లో అధిక వోల్టేజి ఉంటుంది. పిల్లలకు, బట్టలారవేసేవారికి అందకూడదు.